నెట్ రావట్లేదు బాబాయ్

పొద్దున్న ఆరున్నరకే ఫోన్ మోగింది.

“బాబాయ్, మా ఇంట్లో నెట్ రావట్లేదండి.”

వీరదుర్గ. నిన్న లోవమ్మ, మొన్న బుజ్జిబాబు. ఒక్క రోజు ఖాళీ లేదు. పల్లంరాజు మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

నరసాపురం అవతల, సముద్రాన్ని ఆనుకున్న ఊరు అది. ఏడేళ్ళ కిందట ఏ ఫోనుకీ సిగ్నల్ ఉండేది కాదు. ఊరే పూనుకుని తుఫాను షెల్టర్ మీద స్తంభం నిలబెట్టి, ఇంటింటికీ నెట్ ఇచ్చుకుంది. బోటింజన్లు బాగుచేసే పల్లంరాజుకి దాన్ని అప్పగించింది. ఓ ఏడాది చూడు, తర్వాత ఇంకొకరు అన్నారు. ఆ ఇంకొకరు ఇప్పటికీ పుట్టలేదు.

ఉప్పుగాలికి అక్కడ ఇనుము మూడు నెలలు ఆగదు. వారం వారం స్తంభమెక్కి తుప్పు గీకాలి, జాయింట్లకి గ్రీజు పుయ్యాలి, కాకులు తెచ్చి పడేసిన చేపముళ్ళు ఏరాలి. అరవై రెండేళ్ళ ఒళ్ళు ఎన్నాళ్ళని సహకరిస్తుంది? పోయినేడు భార్య చనిపోయాక తలుపేసుకుని కూర్చుంటే కూడా జనం వదల్లేదు. పెద్దకర్మ అయిన మర్నాడే నెట్ రావట్లేదంటూ తలుపు కొట్టారు. ఆ కోపం అతనికి ఇంకా చల్లారలేదు.

వీరదుర్గ ఇంట్లో చూస్తే, నెట్ డబ్బాకి పెట్టాల్సిన కరెంటు వైరు ఊడి కింద పడుంది.

“ఇది కూడా చూసుకోలేవా అమ్మా?”

“మాకేం తెలుస్తుందండి? మీరొస్తేనే ధైర్యం.”

వైరు పెట్టాడు. పచ్చలైటు వెలిగింది. పల్లంరాజు అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు.

“ఇంక నా వల్ల కాదు దుర్గమ్మా. నెలాఖరుకి తాళాలిచ్చేస్తాను. పీకేస్తారో, ఉంచుకుంటారో మీ ఇష్టం.”

ఆమె ముఖం పాలిపోయింది.

“అంత మాటనకండి బాబాయ్. మా ఆయన వేటకెళ్ళినప్పుడు వాతావరణం కబురుకి రెండేళ్ళ కిందట వేసిన ఆ ఫోను కంపెనీ టవర్ని నమ్ముకోమంటారా? మీరు మానేస్తే ఊరేమైపోవాలండి?”

ఇడ్లీ పళ్ళెం చేతిలో పెట్టింది. వద్దంటూనే నాలుగు తిన్నాడు.

“సరే, ఈ వేసవి దాకా చూస్తాను. తర్వాత నన్నడక్కండి.”

విసుక్కుంటూ చెప్పులేసుకుని షెల్టర్ వైపు నడిచాడు.

అతను మలుపు తిరిగాక వీరదుర్గ, రెండేళ్ళుగా ఊరంతా వాడుతున్న ఆ కంపెనీ టవరు నెట్‌లోనే, పల్లంరాజు లేని ఊరి గ్రూపులో మెసేజ్ పెట్టింది: “బాబాయ్ బయటికొచ్చారు, టిఫిన్ కూడా తిన్నారు, రేపు నెట్ పోయే వంతు మీ ఇంటిది రాణొదినా.”