అదొక్కటే తప్పు

“పేరు రాయందే లోపలికి ఇడిసేది లేదమ్మా. ఆధార్‌లో ఎట్లుంటే అట్లనే రాయాల,” అన్నాడు అటెండరు ఓబుళప్ప, గేటు దగ్గర పుస్తకం అడ్డం పెట్టి.

“నా బిడ్డకు ఏమాయనో అని పెనుకొండలో బస్సెక్కినప్పట్నుంచి నా పాణం నా దగ్గర లేదు. నీకు పేరు ముఖ్యమా? రంగమ్మ అని గుర్తుపెట్టుకో, తక్కినవన్నీ పోయేటప్పుడు రాస్తాలేప్పా!”

ఆధార్ కార్డు అతని బల్ల మీద పడేసి, రంగమ్మ కాలేజీ వరండాలో పరుగులాంటి నడక నడిచింది.

స్టాఫ్ రూములో తెలుగు లెక్చరర్ శ్రీనాథ్ ముందు భవ్య తలొంచుకుని నిలబడి ఉంది. రంగమ్మ కూతురి నుదురు తాకి చూసింది. మెడ చూసింది. చేతులు వెనక్కి తిప్పి మణికట్లు చూసింది. ఎక్కడా ఏమీ లేదు. అప్పుడొచ్చింది కోపం.

“బిడ్డ బాగనే ఉండాది కదా సార్! ఫోన్లో చెప్పలేనంత కొంపేం మునిగింది? షెడ్డులో అన్నీ నాలుగో జ్వరంలో ఉండాయి, వదిలేసి వచ్చినా.”

“జ్వరమా? ఎవరికండీ?”

“పట్టుపురుగులకు సార్, పొర ఇడిసేటప్పుడు వస్తాది. ముందు సంగతి చెప్పండి.”

శ్రీనాథ్ కోస్తా నుంచి హిందూపురం వచ్చి ఆరు నెలలు కూడా కాలేదు. ఒక కాగితం ముందుకు జరిపాడు. “మీ అమ్మాయి మనసు బాగాలేదండీ. డాక్టరు సర్టిఫికెట్ తెచ్చేదాకా హాస్టల్లో ఉంచడం మంచిది కాదని ప్రిన్సిపాల్ గారికి రాశాను. సంతకం పెట్టి తీసుకెళ్ళండి.”

“వచ్చే వారం పరీక్షలుంటే ఇప్పుడు తీసకపొమ్మంటారా? ఏం చేసింది?”

“కథ రాసింది.”

“కథకా సార్ ఇదంతా!”

“వినండి.” కాలేజీ పత్రిక కోసం భవ్య ఇచ్చిన కథను ఆయన గొంతు తగ్గించి చదివాడు. “‘చంద్రిక ఈ ఇంటికొచ్చి ఇరవై రెండేండ్లయింది. ఒంటినిండా పురుగులు పాకుతున్నా కదలదు. అవి ఆ ఒంటి మీదే గూళ్ళు కట్టుకుంటాయి. గూళ్ళన్నీ వలిచి మార్కెట్టుకు తీసుకుపోతారు. చంద్రికను మాత్రం కడిగి, ఎండలో నిలబెట్టి, తర్వాత మొగం గోడకు తిప్పి పెడతారు. మళ్ళీ పని పడేదాకా ఎవరికీ గుర్తుండదు.’”

కథ కింద పెట్టాడు. “ఆధునిక కథలో వస్తువు వట్టి వస్తువు కాదండీ, ప్రతీక. పాత్ర పైకి చెప్పలేనిదంతా అందులో దాక్కుంటుంది. పురుగులంటే భయాలు. గోడంటే మీ ఇల్లు. ఇక చంద్రిక అనే ఈ అమ్మాయి ఎవరనుకుంటున్నారు? సాక్షాత్తూ మీ భవ్యే. నిజం చెప్పండి, ఇంట్లో పిల్లను ఎండలో నిలబెడతారా?”

రంగమ్మ నోరు తెరుచుకుని ఆయన్నే చూసింది. తర్వాత ఆ నోరు ఊరుకోలేదు.

“అమ్మాయేంది సార్! చంద్రికంటే వెదురు తడక! పండిన పురుగుల్ని దాని మీద వదిలితే చుట్లు చుట్లుగా గూళ్ళు కట్టుకుంటాయి. ఈ ఊర్లో పట్టుగూళ్ళు అమ్మే ఏ రైతునైనా అడగండి. కడిగి ఎండకు పెట్టకపోతే తర్వాత పంటకు రోగమొస్తాది. ఏం, మంచమ్మీద పండబెట్టి దుప్పటి కప్పమంటారా?”

పక్క బల్ల దగ్గర ప్రమీల మేడం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నిజమే సార్. మా ఊరు రొళ్లలో కూడా అట్లే అంటారు.”

శ్రీనాథ్ చెవులు ఎర్రబడ్డాయి. “నేను… చంద్రిక అంటే వెన్నెల అని…”

“తెలీకపోతే అడగొచ్చు కదా సార్! తడకకు మనసు తగిలించి నా బిడ్డకు పిచ్చి అంటగడతారా? మీరు ప్రిన్సిపాలుకు రాసిన ఈ కాయితం రేపు ఎవురి కంటన్నా పడితే దాని బతుకేం కావాల? ఒకసారి పడిన పేరు మళ్ళీ పోతాదా? చింపండి. నా కండ్ల ముందరే చింపండి.”

ఆయన రెండుగా చింపాడు.

“ఇంగా చిన్నగా.”

ముక్కలన్నీ బుట్టలో పడ్డాక రంగమ్మ ఊపిరి పీల్చుకుంది. గెలిచినదానిలా కదిలి, వాకిలి దగ్గర మళ్ళీ ఆగింది. “ఇంగొకటి సార్. కథలో ఒక తప్పుండాది, అచ్చేసే ముందు దిద్దండి. వెదురు చంద్రిక ఐదారేండ్లకే పుచ్చిపోతాది. ఇరవై రెండేండ్లు యాడుంటాది? ఏమే, షెడ్డులో పుట్టి పెరిగినావు, ఈ మాత్రం తెలీదా నీకు?”

భవ్య అప్పుడు తలెత్తింది. “అది తప్పు కాదుమా.”

“నోర్ముయ్. అంతా సరిగ్గా రాసినావు, అదొక్కటే తప్పు.”

గేటు దగ్గర ఓబుళప్ప కార్డునూ మనిషినీ మార్చి మార్చి చూశాడు. “రంగమ్మ అంటివి. దీంట్లో వేరే ఉండాదే?”

“రంగమ్మ మా అత్త పెట్టిన పేరప్పా. కాపరానికొచ్చిన రోజే మార్చేసింది. కోడలికీ షెడ్డులో సామానుకూ ఒకటే పేరైతే పిలిచేదానికి తికమక అని.”

“అట్లనా! ఎన్నేండ్లాయ?”

“ఇరవై రెం…”

మాట అక్కడే ఆగింది. రంగమ్మ వెనక్కి తిరిగింది. వరండా చివర భవ్య ఇంకా నిలబడే ఉంది, తల్లి వైపే చూస్తూ.

ఓబుళప్ప పెన్ను చేతికిచ్చి గడి చూపించాడు. రంగమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది: చంద్రిక.