నూరు దాటితే మోగే గంట

ఆ పాత జపాన్ స్పోర్ట్స్ కారులో వేగం నూరు దాటితే చిన్న గంట మోగేది.

"బామ్మ పక్కన కూర్చున్నట్టుందన్నా, ఒకటే నస! పీకెయ్," అన్నాడు తమ్ముడు. మెకానిక్ అయిన అన్న నవ్వాడు. వైరు కత్తిరించి గంటను సొరుగులో పడేశాడు. ఆ వారమే తమ్ముడు ఓ మలుపు దగ్గర పోయాడు.

నుజ్జయిన ఆ కారునే అన్న మళ్లీ నిలబెడుతున్నాడు. ఈ రాత్రి దానికి ఇంజనూ లేదు, చక్రాలూ లేవు. షెడ్డంతా నిశ్శబ్దం.

సొరుగులో గంట మోగింది.

తెరిచి చేతిలోకి తీసుకున్నాడు. తెగిన వైరు తెగినట్టే వేలాడుతోంది. గంట మాత్రం మోగుతూనే ఉంది. కారు వైపు చూసే ధైర్యం చాలలేదు.

"మెల్లిగా పోనీరా, నాన్నా," అన్నాడు, ఆనాడు తమ్ముడితో అనాల్సిన మాట.

గంట ఆగింది.

వెనక, ఖాళీ కారులో, బ్రేకు పెడల్ కిర్రుమంటూ కిందికి దిగింది.