ఈ ఏడు కప్పు మనదే

“ఈ ఏడు కప్పు మనదే సార్. రాసిపెట్టుకోండి,” అన్నాడు శంకరరావు, కుర్చీలో సర్దుకుని కూర్చుంటూ.

ప్రిన్సిపాల్ రామ్‌ప్రసాద్ తలెత్తలేదు. పక్కనున్న ప్రత్యూషకి మాత్రం నవ్వొచ్చింది. విశాఖపట్నం నుంచి లెక్చరర్‌గా పోర్ట్‌బ్లెయిర్ వచ్చి ఆమెకి రెండు నెలలైంది. వచ్చీ రాగానే క్రీడల కమిటీ నెత్తిన పడింది.

“ఏ ధైర్యంతో అంటున్నారండీ? మనకసలు కోచే లేడుగా!”

నిజమే. కిందటేడాది నుంచి కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి కోచ్ అచ్చిరావడం లేదు. పాత కోచ్ మణికుమార్‌ని తీసేశాక మెయిన్‌లాండ్ నుంచి ఒకాయన వచ్చాడు. ఇక్కడి వానలు చూసి బెదిరిపోయి, దొరికిన మొదటి షిప్పెక్కేశాడు. తర్వాతాయన కుర్రాళ్ళతో గొడవపడి మానేశాడు. జట్టులో సగంమంది గ్రౌండు మొహమే చూడటం లేదు. ఇంత జరిగినా డాలీగంజ్‌లో హార్డ్‌వేర్ షాపు నడుపుకునే ఈ శంకరరావు సాయంత్రమయ్యేసరికి షట్టరు సగం దించేసి వస్తాడు. గ్రౌండు పక్క గట్టు మీద కూర్చుని, నిలిచిన నీళ్ళని చూస్తూనే కప్పు మనదే అంటాడు. ఆశకి హద్దుండాలని ఎవరైనా చెప్పబోతే వినడు.

“డిఫెన్సు పక్కాగా ఉంది మేడమ్. లోహిత్ కాలు నయమైపోనాది. ఒక్క మణికుమార్‌ని వెనక్కి పిలవండి, బస్, చాలు. తుష్నాబాద్‌లో వక్కతోటలో గడ్డి కోసుకుంటన్నాడు. మనిషి సగమైపోనాడు.”

ఆ పేరు వినగానే ప్రత్యూష మొహంలో నవ్వు పోయింది. “ఆయన్ని ఎందుకు తీసేశారో తెలుసా మీకు?”

“తెలుసు.”

“ప్రాక్టీసయ్యాక పిల్లల్ని సముద్రంలోకి దింపాడు. ఒక అబ్బాయి ప్రాణం పోయింది.”

“తెలుసమ్మా.”

శంకరరావు గొంతులో ఏ మార్పూ లేదు. మేకుల ధర చెప్పినా ఆయనది ఇప్పుడు అదే గొంతు. కిందటేడు జట్టు టోర్నమెంటు మధ్యలో ఆట మానేసిన నాటి నుంచీ అంతే. అన్నం రుచి తెలియదు, వాన మీద పడినా తడిసినట్టుండదు. ఒక్క ఆ గట్టు మీద కూర్చున్నప్పుడే కాస్త ఊపిరాడుతుంది.

“అందులో మణికుమార్ గల్తీ ఏమీ లేదు,” అన్నాడు. “ఆటయ్యాక అందరూ సముద్రంలో మునిగి లేవడం ఇక్కడ ఎప్పట్నుంచో ఉన్నదే. అండమాన్‌లో పుట్టినోడిని ఈతొచ్చా అని ఎవరడుగుతారు మేడమ్? నడవడమొచ్చా అని అడిగినట్టుంటాది. ఆ గుంటడికి రాదు. రాదని చెప్పడానికి సిగ్గుపడి దిగిపోనాడు. తప్పు ఇంట్లోవాళ్ళది. సముద్రం పక్కన ఇల్లెట్టుకుని, భయపడి కొడుకుని నీళ్ళలోకి దించనే లేదు.”

“శంకరరావు గారూ...” అన్నాడు ప్రిన్సిపాల్ లోగొంతుతో.

ప్రత్యూషకి ఒళ్ళు మండింది. “మనసనేది ఉందాండీ మీకు? పోయినవాడిని గుంటడంటారు. కడుపుకోతతో ఉన్నవాళ్ళదే తప్పంటారు. ఒక కప్పు కోసం ఇంత మాటా?”

“కప్పు కోసమే మేడమ్. ఆ కుర్రాళ్ళు మళ్ళీ ఆడాలి. మణికుమార్ గ్రౌండులో నిలబడి మళ్ళీ వాళ్ళని నోరారా తిట్టాలి. మొన్న తుష్నాబాద్ వెళ్ళాను. నన్ను చూసి తోటలోకి పారిపోనాడు. ఒక ప్రాణం పోనాది, చాలదా? రెండోది కూడా ఎందుకు?”

ఆ ఆఖరి మాట దగ్గర గొంతు కొంచెం బొంగురుపోయింది. ప్రత్యూష అది పట్టించుకోలేదు. ఆటపిచ్చి ముదిరితే మనుషులు ఇలాగే తయారవుతారనుకుంది.

“నేనొప్పుకోను సార్,” అంది ప్రిన్సిపాల్ వైపు తిరిగి. “అభిమానులు వచ్చి అడిగారని కోచ్‌ని పెట్టేస్తామా? రేపు ఆ అబ్బాయి తండ్రి వచ్చి నిలదీస్తే ఏం చెప్తాం? ఆయన వచ్చి అడగాలి. మణికుమార్‌ని తీసుకోండని తన నోటితో తను అనాలి. అప్పుడు నాకేం అభ్యంతరం లేదు.”

శంకరరావు తలవంచుకుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. ప్రిన్సిపాల్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

“అడుగుతున్నది ఆయనేనమ్మా.”