చివరి పాదసూచిక

డాక్టరేట్ పరీక్షలన్నీ వంటింటి గోడల్లో అమర్చిన యంత్రాలే పెడుతున్న రోజులవి. తొమ్మిదేళ్ళు కష్టపడి రాసిన సిద్ధాంత గ్రంథం మీద జవాబులు చెప్పడానికి భ్రమరాంబ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే కూర్చుంది.

"లోకాన్ని బుద్ధి అనే కళ్ళజోడులోంచే చూస్తామని, ఉన్నదున్నట్టు కనబడదని మీరు ఉదహరించిన జర్మన్ తత్వవేత్త అన్నది మనుషుల గురించమ్మా," అంది గోడ. "యంత్రాలకీ అంతేనన్న మీ అధ్యాయం తీసేస్తే పట్టా ఇస్తాను."

"తియ్యను. నీ కళ్ళజోడు ఎప్పుడైనా తడిమి చూసుకున్నావా నాయనా?"

"నాకు కళ్ళజోడు లేదు. అన్నీ ఉన్నవున్నట్టే కనబడతాయి."

"ఆ ముక్క రాసివ్వు."

గోడ రాసిచ్చింది. ఆవిడ దాన్ని ఆ అధ్యాయానికే రుజువుగా, ఆఖరి పాదసూచికలో అతికించి మళ్ళీ సమర్పించింది.

"తిప్పి పంపిస్తానమ్మా."

"పంపించు. అదీ నీ కళ్ళజోడుకి రుజువు కిందే పెడతాను," అంటూ ఇంకో చిక్కుడుకాయ అందుకుంది.