కుదుపు లేకుండా

కాలువలో మునిగిన కారుకు గజ ఈతగాళ్లు గొలుసు తగిలించారు. లోపల ఒక స్త్రీ ఉందనీ, ప్రాణం పోయి చాలాసేపైందనీ చెప్పారు. క్రేను వచ్చేసరికి సాయంత్రమవుతుంది. అందుకని ఇన్‌స్పెక్టరు దగ్గర్లో ఉన్న మెకానిక్‌కు ఫోన్ చేసి, కారు రంగూ నంబరూ చెప్పాడు. అతను పది నిమిషాల్లో తన పాత ఆరు సిలిండర్ల పికప్ తీసుకొచ్చి గొలుసు రెండో కొస దానికి బిగించాడు.

"ఈ ముసలి బండి లాగుతుందా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పరుగు రాదు గానీ లాగుతుందండీ. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడే దీనికి బలం. వెనక యాక్సిల్లో గేర్లు కూడా బరువు లాగేవే వేశాను." మెకానిక్ పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

మొదటి గేరు వేసి మెల్లగా క్లచ్ వదిలాడు. యాక్సిలరేటరు ముట్టుకోలేదు. గొలుసు బిగుసుకుంది. పికప్ నత్తలా కదిలింది. నీళ్లలోంచి కారు పైకప్పు అంగుళం అంగుళంగా బయటపడింది.

ఇన్‌స్పెక్టరు కిటికీ పక్కనే నడుస్తూ విసుక్కున్నాడు.

"ఇలాగైతే తెల్లారినట్టే! కాస్త గట్టిగా తొక్కవయ్యా."

"తొక్కితే కుదుపొస్తుందండీ."

"వస్తే రానీ. లోపలున్న మనిషికి ఇంకేం తెలుస్తుంది?"

మెకానిక్ అద్దంలో కనిపిస్తున్న కారు మీంచి చూపు తిప్పలేదు.

"మా ఆవిడకి కుదుపులు పడవండీ."

ఇన్‌స్పెక్టరు నడక ఆగిపోయింది. రెండంగల్లో మళ్లీ కిటికీని అందుకున్నాడు.

"ముందే ఎందుకు చెప్పలేదయ్యా?"

"చెబితే ఇంకెవరి చేతైనా లాగించేవారు కదండీ," అన్నాడు మెకానిక్. పికప్ అదే వేగంతో గట్టు ఎక్కుతూనే ఉంది.