తేలిక మూట

చెంచురామయ్య టిఫిను క్యారియరు అడుగు గిన్నెను రోటి మీద బోర్లించి, దాని చెవులు రెండూ ఆకురాయితో అరగదీస్తున్నాడు. ఆ గిన్నె అతని భార్య హనుమాయమ్మది. ఏళ్ళ తరబడి మొగుడికి పొలానికి అన్నం సర్ది పంపిన గిన్నె. ఇప్పుడది ఎదురింటి సుబ్బరావమ్మ కోసం చెవులు పోగొట్టుకుంటోంది.

సుబ్బరావమ్మ మొగుడు పోయిన మనిషి. పంతొమ్మిది వందల ఎనభై నాలుగు శివరాత్రికి శ్రీశైలం నడిచి వస్తానని మొక్కుకుంది. మార్టూరు దగ్గరి ఆ పల్లె నుంచి ఏటా ఒక గుంపు మార్కాపురం, దోర్నాల మీదుగా అడవి దారి పట్టి వెళ్తుంది. వాళ్ళతోనే ప్రయాణం. కానీ ఆమె మొక్కు అందరి మొక్కులాంటిది కాదు. దారి పొడుగునా తన చేత్తో వండుకున్నదే తినాలి. తన మూట ఇంకొకరి భుజానికి ఎక్కకూడదు. ఏం కోరి మొక్కుకుందని ఎవరడిగినా నవ్వి ఊరుకునేది.

ఆ మూటను తేలిక చేసే పని చెంచురామయ్య తన నెత్తిన వేసుకున్నాడు. కల్లంలో మిరపకాయలు ఎండుతున్న రోజులు. పగలంతా అక్కడ చాకిరీ చేసి, పొద్దువాలగానే పెరట్లో కూర్చునేవాడు. పాలపొడి డబ్బాను కురచగా కోసి, చుట్టూ మేకుతో చిల్లులు పొడిచి పొయ్యి చేశాడు. సైకిలు చువ్వ వంచి గిన్నె దించుకునే పట్టకారు చేశాడు. కొబ్బరిచిప్పకు వెదురుపుల్ల గుచ్చితే గరిటె అయింది. క్యారియరు మూతే తినే పళ్ళెం. ఉప్పూ కారం మాత్రల సీసాల్లో, సీసాలు గ్లాసులో, గ్లాసు డబ్బాలో, డబ్బా గిన్నెలో. అంతా కలిపి తువ్వాల్లో కట్టి, చిటికెన వేలికి తగిలించుకుని చూపించాడు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్కసారీ పొయ్యి ముందు కూర్చోని మనిషి, ఆ డబ్బా మీద నూకల జావ కాచి మరీ చూశాడు. సుబ్బరావమ్మ రుచి చూసి, అడుగంటింది అన్నయ్యా అని నవ్వింది. అతనూ నవ్వాడు.

ఆ నవ్వు హనుమాయమ్మకు కళ్ళలో కారం పడ్డట్టయింది. నిరుడు కడుపు ఆపరేషను అయినప్పటి నుంచి ఆమెను ఎవరూ ఏ పనీ ముట్టుకోనివ్వడం లేదు. బరువెత్తొద్దు, వంగొద్దు అంటారు. ఇంట్లో తానొక పక్కన పెట్టిన వస్తువైపోయానని ఆమె బాధ. సుబ్బరావమ్మేమో నిక్షేపంలాంటి మనిషి, కొండలెక్కగలదు. పిలవడం అన్నయ్యా అనే. తను వంటింట్లోంచి వచ్చేసరికి మాత్రం ఇద్దరూ మాట ఆపేసేవారు. వాళ్ళ మధ్య ఏదో ఉంది.

"ఏమయ్యా, నాకెప్పుడైనా ఒక గరిటైనా చేసిపెట్టావా?" అని ఒకరోజు అడిగేసింది.

అతను తలెత్తలేదు. "ఆమె చేసేదాని ముందు ఇదెంతలే" అన్నాడు.

హనుమాయమ్మకు ఆ పూట అన్నం సయించలేదు.

గుంపు బయల్దేరే ముందురోజు సుబ్బరావమ్మ పొద్దున్నే తీసుకుంటానని తన మూట వాళ్ళ వసారాలో పెట్టి వెళ్ళింది. చెంచురామయ్య ఆ రాత్రి కాపలాకని కల్లంలోనే ఉండిపోయాడు. హనుమాయమ్మ మూట విప్పి, ఆ గిన్నెనీ డబ్బానీ తీసి పత్తికట్టె మోపుల వెనక దాచింది. వాటి బదులు అటక మీది ఇత్తడి గిన్నె, గిన్నె ఆనించే ఇనప ముక్కాలి పొయ్యి పెట్టి కట్టింది. దించేటప్పుడు కుట్ల చోటు కలుక్కుమన్నా లెక్కచేయలేదు.

పొద్దున్నే వచ్చిన సుబ్బరావమ్మ మూట ఎత్తబోయి ఆగింది. ఆ గిన్నెకు చిల్లు పడిందనీ, అందుకే తన పుట్టింటి గిన్నె పెట్టాననీ హనుమాయమ్మ చెప్పింది.

సుబ్బరావమ్మ మొహం విప్పారింది. "నీ పుట్టింటి గిన్నెలోనే వండుకోవడం ఇంకా మంచిది వదినా" అంది. మూట భుజానికెత్తుకుని, ఒక పక్కకు ఒరిగిపోతూ నడిచి వెళ్ళింది. ఆ మాటకు అర్థమేమిటో హనుమాయమ్మకు తెలియలేదు. ఎగతాళి అనుకుంది.

మర్నాడు మోపులు తీస్తుంటే చెంచురామయ్యకు గిన్నె దొరికింది. దాన్ని చేతిలో పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. "ఎంత పని చేశావే" అన్నాడు, అంతే. ఆ తర్వాత శివరాత్రి దాకా భార్యతో సరిగా మాట్లాడలేదు. దాంతో ఆమె అనుమానం రూఢి అయింది. ఎదుటి మనిషి భుజం నొప్పికి ఇంత దిగులు ఊరికే పడతారా?

గుంపు బస్సులో తిరిగొచ్చింది. సుబ్బరావమ్మ తన ఇంటికి కూడా పోకుండా నేరుగా వాళ్ళ గుమ్మంలోకే వచ్చింది. పాదాలు బొబ్బలెక్కాయి. మూట ఒరుసుకుని భుజం పచ్చిపుండైంది. కొంగుముడి విప్పి విభూతి తీసి, ముందుగా హనుమాయమ్మ నుదుటనే పెట్టింది.

హనుమాయమ్మ తల వెనక్కి లాక్కుంది. ఇంత బరువు మోసి తీర్చుకోవలసిన మొక్కేమిటో ఇప్పుడైనా చెప్పమంది. చెంచురామయ్య తల దించుకున్నాడు. మొక్కు తీరేదాకా బయటపెట్టకూడదనీ, అన్నయ్య కనిపెట్టి అడిగితే ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాననీ సుబ్బరావమ్మ చెప్పింది.

"అయితే ఏం కోరుకున్నావు?" అంది హనుమాయమ్మ గట్టిగా.

"నిరుడు నిన్ను ఆపరేషనుకు తీసుకెళ్ళిన రోజు మొక్కుకున్నా. నువ్వు బతకాలని, వదినా."