పన్నెండు చింతగింజలు

"లేచావంటే కాళ్లు విరగ్గొడతాను. కూర్చో!"

అత్త సంపూర్ణమ్మ కేకకు సువార్తమ్మ మళ్లీ చాపమీద కూలబడింది. ఆమె కావాలని లేవలేదు. పెరటి దడికి కట్టు ఊడినట్టు కనిపించేసరికి కాళ్లు వాటంతటవే కదిలాయి.

తెల్లారితే కూతురు రూతమ్మ పెళ్లి. క్రిస్మస్ పండక్కి జరిగిన ప్రధానంలో, "నా బిడ్డ ముసుగు నా చేత్తోనే అల్లుతాను" అని అందరి ముందూ మాటిచ్చింది. ఇప్పుడు మే నెల. ముసుగు అంచుకి ఇంకా పన్నెండు లేసు పువ్వులు అల్లాలి. మొగల్తూరులో ఆమెకు 'సగంపనుల సువార్తమ్మ' అని పేరు. అనేవాళ్లకేం, నోరుంటే చాలు. ఒక పని పట్టుకోగానే పది పనులొచ్చి ఆమె కొంగు పట్టుకు లాగుతాయి. అందుకు ఎన్నిసార్లు ఏడ్చిందో! ఈ ఒక్కటీ మాత్రం పూర్తిచేసి తీరాలి.

పొద్దున్నే సంపూర్ణమ్మ కోడలి సగం లేసుల బుట్టను అటకెక్కించింది. కోడల్ని గోడకేసి కూర్చోబెట్టి, పక్కన పన్నెండు చింతగింజలు పోసింది.

"పువ్వుకో గింజ ఈ చిప్పలో వెయ్యి. మిగతా వాటి గురించి తలుచుకోకు. చేతిలో ఉన్న పువ్వొక్కటే."

"ఈ కిటుకు మీకెవరు చెప్పారండీ?"

"ఎవరో చెప్పార్లే. సూది ఆడించు."

అయిదో పువ్వు దగ్గర దారం అయిపోయింది. నర్సాపురం కొట్లోనూ దారం లేదు. ఎండాకాలమని కాలవలకు నీళ్లు కట్టేశాక సరుకు పడవలు రావడం మానేశాయి. సువార్తమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

సంపూర్ణమ్మ లోపలికెళ్లి తన తాటాకు పెట్టె తెచ్చుకుని కోడలి వెనక కూర్చుంది. మూత సందులోంచి దారం కొస లాగి అందించింది.

"ముడతలు ముడతలుగా వస్తోందేంటండీ?"

"పాతది. ఎప్పుడో తడిసి ఆరింది."

"పచ్చబడింది కూడా."

"పెళ్లికొడుకు ముసుగులో పిల్లని చూస్తాడు గానీ దారాన్ని చూస్తాడేంటే!"

దడి అవతల నుంచి పాపాయమ్మ పిలిచింది. "సువార్తమ్మా, అరిసెల పాకం కుదిరిందో లేదో చూసి పోవే!"

సువార్తమ్మ సగం లేచింది. చేతిలో పువ్వుకేసి చూసింది. మళ్లీ కూర్చుంది.

"నేను రాలేను వదినా! పువ్వు మధ్యలో ఉన్నాను."

పుట్టి బుద్ధెరిగాక ఆమె అలా అనడం అదే మొదలు. వెనక అత్త చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ దారం వదిలింది.

తొమ్మిదో గింజ చిప్పలో పడ్డాక సువార్తమ్మకి ధైర్యం వచ్చింది.

"మిషను దొరసానిగారి దగ్గర లేసు నేర్చిన మొదటి పిల్ల మీరేనట కదండీ. మీ పెళ్లికి ముసుగేసుకున్నారా అత్తయ్యా?"

"చీరకొంగే కప్పుకున్నాను. కబుర్లాపి గింజ తియ్యి."

పొద్దు వాలే వేళకు పన్నెండో గింజ పడింది. సువార్తమ్మ ముడివేసి దారం తెంపింది. ముసుగు రూతమ్మ తలమీద కప్పి, దూరంగా జరిగి చూసుకుంది. పిల్ల "అమ్మా!" అనగానే ఆనందం పట్టలేక బావురుమంది.

"ఏడుపులు రేపు చర్చిలో ఏడుద్దువుగాని" అంటూ సంపూర్ణమ్మ కళ్లు తుడుచుకుని పొయ్యి దగ్గరికెళ్లిపోయింది.

మిగిలిన దారాన్ని ఉండకి చుట్టి పెడదామని సువార్తమ్మ తాటాకు పెట్టె మూత తీసింది.

లోపలున్నది దారపుండ కాదు, ఒక పక్క నుంచి విప్పుకొచ్చిన లేసు; సంపూర్ణమ్మ తన పెళ్లికి సగం అల్లి వదిలేసిన ముసుగు.